వెండి కరగదు, మాటు కరుగుతది

పెద్దబాపు ఊదుగొట్టం నోట్లో పెట్టుకున్నాడంటే ఇంట్లో ఫ్యాన్లు ఆగిపోవాలి. అది మా ఇంటి రూలు. కరీంనగర్ ఎండ సంగతి తెలిసినవాళ్లకు మే నెలలో మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను ఆపడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. అయినా ఎవరూ గునిసేవాళ్లు కాదు. గాలి కాస్త అటూ ఇటూ అయితే మంట వంగుతుంది, చల్లిన మాటుపొడి, అంటే కరిగి తీగలను అతికే లోహపు పొడి, లేచిపోతుంది, పది రోజుల పని క్షణంలో పాడవుతుంది. అమ్మ, పెద్దమ్మ, అక్క, నేను అందరం చెమటలు కక్కుతూ ఆ మంట వైపే చూస్తూ కూర్చునేవాళ్లం. వెండి మీద మాటు పారిన ఆ ఒక్క క్షణం తళుక్కుమని ఒక మెరుపు పరుగెడుతుంది. అది కనిపించగానే పెద్దమ్మ లేచి స్విచ్ వేసేది.

పెద్దబాపుది వెండి తీగ పని. బయటివాళ్లు ఫిలిగ్రీ అంటారు. మా ఇంట్లో ఎప్పుడూ తీగ పని అనే అన్నాం. ఎలగందులలో పుట్టి కరీంనగర్‌కు వచ్చిన పని ఇదని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. నిజాం కాలంలో పాన్‌దాన్లు, అత్తర్‌దాన్లు, పన్నీరు బుడ్లు ఇక్కడి నుంచి గొప్పవాళ్ల ఇళ్లకు వెళ్లేవట. నా చిన్నతనానికి ఎక్కువగా చిన్న చిన్న పళ్లేలు, కుంకుమ భరిణెలు, నెమళ్లు, కీచైన్లు చేసేవాడు. పన్నీరు బుడ్డి ఆర్డరు వచ్చిందంటే మాత్రం ఇంట్లో పండగే. 2007లో కరీంనగర్ తీగ పనికి జీఐ గుర్తింపు, అంటే ఇది ఈ ఊరి పని అని చెప్పే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. పేపర్లో వార్త పడిన రోజు పెద్దమ్మ ఆ ముక్కను కత్తిరించి దేవుడి పటాల పక్కన గోడకు అంటించింది. పెద్దబాపు నిలబడి రెండుసార్లు చదివి, "మంచిగనే రాసిండ్రు" అని మళ్లీ పనిలో కూర్చున్నాడు.

ఆ పని ఎలా ఉండేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగిన కథంతా అందులోనే ఉంది.

ముందు వెండిని మూసలో కరిగించి కడ్డీగా పోస్తాడు. ఆ కడ్డీని కమ్మచ్చులో లాగుతాడు. కమ్మచ్చు అంటే వరసగా చిల్లులున్న ఇనుప పలక. ఒక్కో చిల్లు ముందుదానికంటే సన్నం. మొదట్లో కాళ్లు రెండూ గోడకు తన్నిపెట్టి ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగేవాడు. చివరికి వచ్చేసరికి రెండు వేళ్లతో లాగితే చాలు, కుట్టుదారం లాంటి తీగ వచ్చేది. మధ్యలో రెండు మూడు చిల్లులు దాటగానే వెండి బిగుసుకుపోతుంది. ఇంకా లాగితే పుటుక్కున తెగుతుంది. అప్పుడు దాన్ని చుట్టచుట్టి ఎర్రగా కాల్చి చల్లారనివ్వాలి. "అలిసిపోయింది, కొంచెం పండనియ్యాలె" అనేవాడు, పసిపిల్ల గురించి చెప్పినట్టు. తీగకు మేలిమి వెండే కావాలి. రాగి ఎక్కువైతే గట్టిపడి, వంకీ తిప్పబోతే మొండికేస్తుంది.

రెండు తీగలు కలిపి పురి పెట్టడం పిల్లల పని. ఒక కొస కిటికీ ఊచకు కట్టి, రెండో కొస చిన్న చేతి బర్మాకు బిగించి తిప్పేవాళ్లం. ఆ పురిని చదును చేస్తే అంచుల్లో సన్నని రంపం పళ్లు తేలుతాయి. తీగ పనిలో మెరుపంతా ఆ పళ్లదే. నున్నటి తీగ మీద వెలుగు జారిపోతుంది. ఈ పళ్ల మీద పడితే చిట్లి నాలుగు వైపులా పోతుంది. దీపం పెట్టి పన్నీరు బుడ్డిని చూసినవాళ్లకు ఈ తేడా అర్థమవుతుంది.

ఆ తర్వాత లావు తీగతో చట్రం కట్టి, అందులో శ్రావణంతో, అంటే చిన్న పట్టకారుతో, వంకీలు, చుట్లు, ఆకులు ఒక్కొక్కటే పేర్చాలి. అవి కదలకుండా గురిగింజ అరగదీసిన జిగురు. పైన వెలిగారం (బోరాక్స్) కలిపిన మాటుపొడి. అప్పుడు మంట. చల్లారాక ఆమ్లంలో ముంచి తీసి కుంకుడు రసంతో బ్రష్షు పెట్టి తోమితే తెల్లగా, పాలనురుగులా బయటికి వస్తుంది. తోమడం పెద్దమ్మ పని. జిగురు అరగదీయడం అక్క పని. కుంపటి ముందు కూర్చోవడం మాత్రం మా ఇళ్లలో ఆడపిల్లలకు లేదు. ఎవరూ వద్దని గట్టిగా చెప్పింది లేదు, అలా ఉండేదంతే.

అక్క పెద్దబాపు కూతురు. నాకంటే మూడేళ్లు పెద్ద. జిగురు అరగదీస్తూనే, పక్కన పడేసిన తీగ ముక్కలతో వంకీలు చుట్టేది. ఆ వంకీల సన్నదనం పెద్దబాపు వేళ్లకు కూడా రాదని అమ్మ అనేది. ఒకరోజు పళ్లెం మధ్యలో పెట్టాల్సిన తామరపువ్వుకు చుట్లు సరిపోలేదు. పెద్దబాపు ఏమీ మాట్లాడకుండా అక్క చేతి కింద ఉన్న సిగరెట్టు పెట్టె మూతలోంచి ఒక్కో వంకీ శ్రావణంతో ఎత్తి పువ్వులో పేర్చుకున్నాడు. అక్కకు అప్పుడు పదమూడేళ్లు ఉంటాయేమో. ఆ రాత్రి అన్నం తినకుండా ఆ పళ్లెం పక్కనే కూర్చుంది.

2010 డిసెంబరులో శిల్పారామం మేళాలో పెద్దబాపుకు స్టాల్ దొరికింది. స్కూలు మానేసి నేను, కాలేజీ మానేసి అక్క వెంట వెళ్లాం. మా పక్క స్టాల్ జైపూర్ బ్లూ పాటరీది. తెల్లటి నేల మీద నీలం పువ్వులు, నెమలికంఠం రంగు అంచులు, గిన్నెలు, తలుపు పిడులు, గోడ పలకలు. అక్క మొదటి రోజు దూరం నుంచి చూసింది. రెండో రోజు వెళ్లి ముట్టుకుంది. మూడో రోజు నుంచి మా స్టాల్లో మనిషే లేదు. అక్కడ కూర్చుని వచ్చీరాని హిందీలో ఆ స్టాల్ పెద్దాయనను ప్రశ్నలతో చంపేసింది. ఆయన పాపం ఓపిక ఉన్న మనిషి. జైపూర్‌లో ఇలాంటి పనులు నేర్పే చదువు ఉందని, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ క్రాఫ్ట్స్ అండ్ డిజైన్ అని దాని పేరని, ఆ సంగతి చెప్పింది ఆయనే. బిల్లు పుస్తకం వెనక రాసుకొచ్చింది అక్క.

ఇంట్లో గొడవ నెల రోజులు నడిచింది. అంత దూరమా, అన్ని డబ్బులా, ఆ భాషా, ఆ తిండా. పెద్దమ్మ బాధ వేరు. మేం అవుసలోళ్లం, అంటే కంసాలులం. "అవుసలోళ్ల పిల్ల అంత దూరం పోయి మట్టి పిసుకుడు నేర్చుకుంటదా?" అని ఏడ్చింది. పైగా అదే సమయంలో వెండి ధర కొండెక్కింది. ఏడాది కిందట 30,000 లోపు ఉన్న కిలో వెండి 2011 ఏప్రిల్‌లో 70,000 దాటింది. ధర పెరిగితే వెండి పనివాడికి లాభం అనుకుంటారు చాలామంది. నిజానికి ఆర్డరు ఇచ్చేవాళ్లే ఆగిపోతారు, చేతిలో ఉన్న డబ్బుకు సగం వెండి కూడా రాదు. పెద్దబాపు కుంపటి వారాల తరబడి చల్లగా ఉండడం నేను చూసింది ఆ ఎండాకాలంలోనే. పైగా హైదరాబాద్‌లో ఒక వ్యాపారి తీసుకున్న సరుకుకు డబ్బులు ఇవ్వలేదు. ఆ టెన్షన్‌లో ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడుకోలేదు.

చివరికి ఒకరోజు పెద్దబాపు అన్నం తింటూ, తల ఎత్తకుండా అన్నాడు. "రెండూ నిప్పు పనులే. పోనియ్."

అంతే. పెద్దమ్మ తన రెండు గాజులు తీసి ఇచ్చింది.

అక్క అక్కడ ఎంచుకున్నది నిప్పులో కాల్చే వస్తువుల విభాగం. మట్టి, పింగాణీ, బ్లూ పాటరీ అన్నీ అందులోకే వస్తాయి. ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసేది. పెద్దమ్మ అన్నం తిన్నావా, చలిగా ఉందా అని అడిగి ఫోన్ పెద్దబాపుకు ఇచ్చేది. తక్కువ మాట్లాడే ఆ మనిషి ఆదివారం మాత్రం అరగంట ఫోన్ పట్టుకుని కూర్చునేవాడు. స్పీకర్‌లో పెట్టడం నా డ్యూటీ కాబట్టి ఆ మాటలన్నీ నాకు గుర్తే.

"బాపూ, ఈ బ్లూ పాటరీల మట్టే ఉండదే" అంది ఒకసారి.

"మట్టి లేని కుండ ఏంది బిడ్డా?"

నిజంగానే ఉండదు. చెకుముకి రాయి లాంటి తెల్లటి పలుగురాయి పొడి, గాజు పొడి, కొంచెం ముల్తానీ మట్టి, జిగురు. చపాతీ పిండిలా కలిపి, అలాగే వత్తి, అచ్చులో పరుస్తారు. ఆ లోపల బూడిద నింపి ఒత్తి, అచ్చు తిరగేసి తీస్తారు. సారె మీద తిప్పడం దాదాపు ఉండదు, ఆ పిండికి అంత సాగుడు లేదు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, తెల్లటి పూత వేసి, దాని మీద బొమ్మ. నీలానికి కోబాల్ట్, ఆకాశం రంగుకు రాగి. వేసేటప్పుడు కోబాల్ట్ నల్లగా, మసి పూసినట్టు ఉంటుంది. పైన గాజు పూత పోసి కాలిస్తేగానీ నీలం బయటపడదు. పూలు గీసే పిల్ల తను ఏ రంగు వేస్తోందో కంటితో చూడకుండా, మనసులో చూసుకుంటూ గీయాలి. ఈ సంగతి చెప్పినప్పుడు పెద్దబాపు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మన మాటు గూడ గంతే గదా. చల్లేటప్పుడు మన్నులెక్క ఉంటది" అన్నాడు.

ఆ గాజు పూతలో వెలిగారం కలుపుతారని తెలిసిన రోజు ఆయన ముఖం చూడాల్సింది. సొంత అన్నదమ్ముడు దూరదేశంలో కనిపించినట్టు సంబరపడ్డాడు. "ఆడ గూడ వెలిగారమేనా! మరి, వెలిగారం లేకుంట నిప్పు పని ఎట్ల నడుస్తది?"

ఇంకో ఆదివారం అక్క కృపాల్‌సింగ్ షెకావత్ గురించి చెప్పింది. ఆయన స్వతహాగా చిత్రకారుడు. జైపూర్‌లో ఈ పని దాదాపు ఆగిపోయే దశకు వచ్చినప్పుడు, చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ, మహారాణి గాయత్రీదేవి వంటివాళ్ల ప్రోత్సాహంతో మళ్లీ నిలబెట్టింది ఆయనే. 1974లో పద్మశ్రీ ఇచ్చారు. అక్క వెళ్లడానికి మూడేళ్ల ముందే, 2008లో పోయాడు. పెద్దబాపు అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఆగిపోయిన పని మళ్ల ఎట్ల మొదలైతది బిడ్డా? చేతులు పోయినంక ఎవలు చెప్తరు?" అక్క దగ్గర జవాబు లేదు. మా వీధిలో అప్పటికే సగం ఇళ్లలో కొడుకులు సెల్‌ఫోన్ షాపులకు, బట్టల షాపులకు వెళ్లిపోయారు. ఆ ప్రశ్న ఎవరి గురించి అడిగాడో మా అందరికీ తెలుసు.

రెండో ఏడాది సంక్రాంతి సెలవులకు అక్క ఒక నీలం గిన్నె తెచ్చింది. పెద్దబాపు దాన్ని గోటితో కొట్టి చప్పుడు విన్నాడు, పెదవికి ఆనించి అంచు చూశాడు, దీపం ముందు పట్టి తిప్పాడు. "మంచిగున్నది" అని, "గట్టిగ లేదు" అన్నాడు. అక్క ఏమీ నొచ్చుకోలేదు. బ్లూ పాటరీ గట్టి పాత్ర కాదు, ఆమెకూ తెలుసు.

అప్పుడే అక్క బుర్రలో ఒక ఆలోచన పుట్టింది. రాత్రి పొయ్యి దగ్గర కూర్చుని లెక్క చెప్పింది. "బ్లూ పాటరీని కాల్చేది 800, 850 డిగ్రీల మీద. వెండి కరిగేది 962 దగ్గర. అంటే, బాపూ, పలక మీద నీ తీగ పువ్వు పెట్టి, పైన గాజు పూత పోసి, కలిపే కాల్చొచ్చు. పువ్వు గాజులోనే ఉండిపోతది. నీళ్ల కింద తామర లెక్క." ఆమె కళ్లు అలా మెరవడం నేను అంతకుముందు చూడలేదు. లెక్క నాకు కూడా సరిగ్గానే అనిపించింది.

పెద్దబాపు బీడీ ఆర్పి మెల్లగా అన్నాడు. "వెండి కరగదు బిడ్డా. మాటు కరుగుతది."

అవును మరి. మాటు వెండికంటే ముందే కరగాలి, అందుకే అది మాటు. వెండి నిలిచి ఉండగా మాటు కరిగి పారితేనే రెండు తీగలు అతుక్కుంటాయి. అదే వేడి రెండోసారి తగిలితే అతుకు విడిపోతుంది. ఊదుగొట్టంతో నలభై ఏళ్లు మంట ఊదిన మనిషికి డిగ్రీలు తెలియవు, థర్మామీటరు చూసి ఎరగడు. ఆ ఒక్క మాటలో అంతా ఉంది.

అయినా ఆయన వద్దు అనలేదు. అది నాకు ఈరోజుకీ ఆశ్చర్యమే. వెండి అంత ధరలో ఉన్నప్పుడు, అర తులం తీగతో చిన్న పువ్వు చేసి, దూదిలో చుట్టి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. "చెయ్యి. చూడు" అన్నాడు.

ఆ పలక ఇప్పుడు నా దగ్గర ఉంది. అరచేతిలో పట్టేంత. నాలుగు వైపులా నీలం గీత, మధ్యలో తెల్లటి నేల. బట్టీలో ఆయన చెప్పినట్టే జరిగింది. మాటు కరిగి పువ్వు విడిపోయింది. సన్నని వంకీలు కొన్ని గాజులో కరిగి మాయమయ్యాయి, కొన్ని చెదిరి వాలిన గడ్డిపరకల్లా పడి ఉన్నాయి. చట్రం తీగ మాత్రం వంకరగా మిగిలింది. అయితే ఎవరూ అనుకోనిది ఒకటి జరిగింది. వెండి ఉన్న చోటల్లా గాజుకు పసుపు రంగు ఎక్కింది. గడపకు రాసిన పసుపు వానకు తడిసి పారినట్టు, చట్రం చుట్టూ చిక్కగా మొదలై, దూరం పోయేకొద్దీ పలచబడి, తెలుపులో కలిసిపోతుంది. వెండి గాజుకు పసుపు రంగు ఇస్తుందట. యూరప్‌లో చర్చి కిటికీ అద్దాలకు వందల ఏళ్ల నుంచి ఆ పసుపును వెండితోనే తెచ్చేవాళ్లని తర్వాత వాళ్ల టీచర్ చెప్పారట.

అక్క దాన్ని ఇంటికి తెచ్చి సిగ్గుతో ముందు పెట్టింది. చెడిపోయిందని. పెద్దబాపు కళ్లద్దాలు పైకి జరుపుకుని, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చాలాసేపు చూశాడు. "తెల్లటి వెండిల పసుపు యాడుంది ఇన్నొద్దులు?" అన్నాడు తనలో తనే. దాన్ని తన పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు. పనివాడు పెట్టెలో పెట్టుకోవడమంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అందులో ఆయన తండ్రి వాడిన శ్రావణం, కమ్మచ్చు తప్ప వేరే జ్ఞాపకాలేవీ ఉండేవి కావు.

చదువు ఆఖరి ఏడాదిలో సొంతంగా ఒక పని చేసి చూపించాలి. అక్క జాడీలు చేస్తానంది. మన ఇళ్లలో ఆవకాయకు, ఉప్పుకు, చింతపండుకు వాడే జాడీలే, కాకపోతే చిన్నవి. ఈసారి బ్లూ పాటరీ వద్దనుకుంది. గట్టి మట్టితో, సారె మీద తిప్పి, 1250 డిగ్రీల దాకా కాల్చే స్టోన్‌వేర్. దాని మీద వెండి తీగతో మూతలు. పది జాడీలు, పది మూతలు. ఆ వేడికి వెండి ఆగదు కాబట్టి రెండూ కలిపి కాల్చడమనే మాటే లేదు. జాడీ పని పూర్తయ్యాకే మూత.

ఫోన్లో కొలతలు చెప్పింది. పది జాడీల మూతులూ ఒకే కొలత, ఇన్ని మిల్లీమీటర్లు, నువ్వు మూతలు మొదలుపెట్టు అని. పెద్దబాపు మొదలుపెట్టలేదు. వారం తర్వాత అడిగితే, "జాడీలు తే. చూసినంక చేస్త" అన్నాడు. అక్కకు కోపం వచ్చింది. టైము లేదు, రైలు రిజర్వేషన్ లేదు, పగిలితే ఎవరిది పూచీ? "నేను కొలిచిన బాపూ, కాలిపర్‌తోని కొలిచిన." "ఎప్పుడు కొలిచినవ్? కాల్చకముందా, కాల్చినంకనా?"

కాల్చకముందే కొలిచింది. మట్టి ఆరినప్పుడు కొంత, కాలినప్పుడు కొంత, మొత్తం మీద పన్నెండో వంతుకో పదో వంతుకో కుదించుకుపోతుంది. ఆ లెక్క అక్క వేసుకుంది. కానీ అన్ని జాడీలూ ఒకే తీరుగా కుదించుకోవు. బట్టీలో మంట తగిలిన వైపు ఒకలా, చాటున ఉన్న వైపు ఒకలా. చేత్తో తిప్పిన మూతి పూర్తి గుండ్రంగా ఉన్నట్టే కనిపిస్తుంది, ఉండదు. పెద్దబాపు జీవితంలో ఒక్క కుండ చేయలేదు. అయినా ఆయనకు ఇది ఎలా తెలిసిందో నాకు అర్థం కాలేదు. అడిగితే, "నిప్పుల నుంచి వచ్చిన ఏ వస్తువూ చెప్పిన మాట ఇనదురా" అన్నాడు.

2015 మార్చిలో అక్క పది జాడీలను రెండు జైపూర్ రజాయిల్లో చుట్టి, ఒడిలో పెట్టుకుని, రైల్లో రెండు రాత్రులు నిద్ర లేకుండా తెచ్చింది. ఒక్కటీ పగల్లేదు. ఆ రజాయిలు విప్పిన ఉదయం మా ముందు గదిలో పది జాడీలు వరసగా నిలబడ్డాయి. ఎండుటాకు రంగు గ్లేజు, అంటే గాజు పూత. కాళ్ల దగ్గర పూత లేకుండా వదిలేసిన చోట మట్టి ఇటుక రంగులో బయటికి కనిపిస్తోంది. ప్రతి జాడీ మీదా ఎక్కడో ఒకచోట గ్లేజు జారి బొట్టులా గడ్డకట్టింది. ఒకదానికి భుజం మీద, ఒకదానికి పొట్ట కింద. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ చేతిలోకి తీసుకుని నిమిరింది. నాలుగేళ్ల కిందట మట్టి పిసుకుడని ఏడ్చిన మనిషి. "ఇగో, ఇది మా అమ్మ నూనె జాడీ లెక్కనే ఉన్నది" అంది.

పెద్దబాపు కాలిపర్ ముట్టలేదు. సన్నని తీగ తీసుకుని ప్రతి జాడీ మూతి చుట్టూ తిప్పి, కలిసిన చోట గోటితో నొక్కి తెంపాడు. పది తీగ ముక్కలు నేల మీద పక్కపక్కన పెట్టాడు. ఏ రెండూ ఒక పొడవు లేవు. తేడా బియ్యపు గింజంత, నువ్వు గింజంత. అక్క మోకాళ్ల మీద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయింది. అప్పుడు పెద్దబాపు మొదటిసారి తన కుంపటి ముందు పీట జరిపి, "కూసో" అన్నాడు.

ఆ నెలన్నర మా ఇంట్లో మంట ఆరలేదు. ఫ్యాన్లు తిరగలేదు. తీగ లాగడం ఆయన, వంకీలు ఆమె. చట్రం ఆయన, పేర్చడం ఆమె. మూడో మూత నుంచి ఊదుగొట్టం ఆమె చేతికి ఇచ్చాడు. మొదటిసారి ఊదినప్పుడు ఊపిరి మధ్యలో ఆగి మంట ఊగిపోయింది. ఒక ఆకు సగం కరిగి ముద్దయింది. ఆయన ఏమీ అనలేదు. ఊదుగొట్టం తీసుకుని, బుగ్గల నిండా గాలి నింపి, ముక్కుతో పీల్చుకుంటూ నోటితో వదలడం ఎలాగో చూపించాడు. గాలి తెగకూడదు. ముక్కు, బుగ్గలు, పెదాలు మూడూ ఒకేసారి పనిచేయాలి. అక్క గ్లాసు నీళ్లలో స్ట్రా పెట్టి బుడగలు ఆగకుండా ఊదుతూ వారం రోజులు ప్రాక్టీస్ చేసింది. టీవీ చూస్తూ బుడగలు, పప్పు కడుగుతూ బుడగలు.

మూత జాడీ మీద ఒకే ఒక్క వైపుకు తిప్పితేనే సరిగ్గా కూర్చుంటుంది. మూతి గుండ్రం కాదు కదా, కాస్త పక్కకు తిప్పితే ఎగిరి నిలబడుతుంది. అందుకని పెద్దబాపు ప్రతి మూత అంచున ఆవగింజంత వెండి రవ ఒకటి అతికించాడు. జాడీ మీద గ్లేజు బొట్టు ఎక్కడ జారిందో సరిగ్గా ఆ వైపుకే ఆ రవ రావాలి. అక్కకు అంతకుముందు ఆ బొట్లంటే బాధ. గ్లేజు చిక్కగా పట్టింది, జారకుండా ఉండాల్సింది అని. పెద్దబాపు ఆ బొట్టునే గుర్తుగా పెట్టుకున్నాడు. మూతల లోపల వైపు సన్నని తీగతో అంకెలు కూడా అతికించాడు. ఒకటి నుంచి పది దాకా, తెలుగు అంకెలు. తెలుగు అంకెలు రాసేవాళ్లు మా ఇంట్లో ఆయన ఒక్కడే.

జైపూర్‌లో చూపించే రోజుకు నేనూ ఆయన వెంట వెళ్లాను. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, పంచె, కొత్త చెప్పులు. పిల్లల పనులన్నీ హాల్లో బల్లల మీద. పెద్దబాపు అక్క బల్ల దగ్గర నిలబడలేదు, సిగ్గు. ఒక్కొక్క బల్లా తిరుగుతూ, తోలు పని, చెక్క పని, రాతి పని, అన్నీ చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. నచ్చిన దగ్గర ఆగి నాతో మెల్లగా "అడుగు, ఏ ఉలితోని చేసిండ్రో" అనేవాడు. అడిగితే ఆ పిల్లలు వంగి చూపించేవాళ్లు. మధ్యాహ్నం పరీక్షకు వచ్చిన ఒకాయన అక్కను, మూతలు మీరు చేశారా అని ఇంగ్లీషులో అడిగాడు. అక్క మా వైపు చెయ్యి చూపించి, "ఆయనా నేనూ" అంది హిందీలో. పెద్దబాపుకు అర్థమైంది. ఆ రోజంతా మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి సత్రంలో పడుకునే ముందు మాత్రం, "నేను చేసినవి నలభై ఏండ్ల సంది ఎవలెవలి ఇండ్లల్లనో ఉన్నయి. నా పేరు ఎవలూ అడగలే" అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. ఏదో లెక్క సరిచూసుకున్నట్టు అన్నాడు.

ఆ పది జాడీల్లో ఏడు అమ్ముడుపోయాయి. ఒకటి అక్క దగ్గర, ఒకటి పెద్దమ్మ దగ్గర ఉప్పుతో, ఒకటి నా దగ్గర. అక్క ఇప్పుడు కరీంనగర్‌లోనే ఉంటుంది. ఇంటి వెనక గ్యాస్ బట్టీ పెట్టుకుంది. జాడీలు, గిన్నెలు, వాటికి వెండి మూతలు, వెండి పిడులు. వెండి ధర లక్ష దాటి ఎక్కడికో పోయాక మూతలు చిన్నవయ్యాయి, కొన్నిటికి పిడి ఒక్కటే తీగ పని. పెద్దబాపుకు రెండు కళ్లకూ ఆపరేషన్ అయింది. సన్నని వంకీ ఇప్పుడు కనపడదు. అయినా రోజూ పొద్దున పీట మీద కూర్చుంటాడు. అక్క ఊదుతుంటే మంట చప్పుడు విని "తగ్గించు" అనో "ఇంక కొంచెం" అనో చెప్తాడు. వీధి పిల్లలు ఇద్దరు సాయంత్రం వచ్చి పురి పెడుతున్నారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల.

పలక నా దగ్గరికి ఎలా వచ్చిందంటే, నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి సామాను సర్దుకుంటున్నప్పుడు పెద్దబాపు పనిముట్ల పెట్టె తెరిచి, పాత దూదిలోనే చుట్టి ఇచ్చాడు. "పసుపు మంచిది, ఇంట్ల ఉండనియ్" అన్నాడు. దాన్ని వంటింట్లో కిటికీ దగ్గర పెట్టాం. పొద్దున ఏడున్నరకు ఎండ సూటిగా దాని మీద పడుతుంది.

నా జాడీ ఏడో నంబరుది. అందులో నా భార్య యాలకులు పోస్తుంది. మొదట్లో మూత పట్టడం లేదని విసుక్కునేది. ఇప్పుడు మా చిన్నదానికి కూడా తెలుసు. రవను బొట్టు దగ్గరికి తిప్పాలి, నెమ్మదిగా, కొంచెం ఇంకొంచెం. అక్కడికి రాగానే మూత తనంతట తనే కిందికి దిగి, టక్కుమని చిన్న చప్పుడు చేస్తుంది.